లోకల్ షాఫ్టు

హైటెక్ సిటీ చుట్టుపక్కల బేరమాడి బాగుపడినవాళ్ళు చాలామంది ఉండవచ్చు గానీ, బేరం గెలిచి నా అంత ఘనంగా మునిగినవాడు లేడని ఎవరి ముందైనా ఛాతీ విరుచుకుని చెప్పగలను. ప్రొద్దుటూరు బజారులో, మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. అడిగిన ధరకు వస్తువు కొంటే ఆ పూట నాకు అన్నం అరిగేది కాదు. అలాంటి నేను ఒక ప్రొపెల్లర్ షాఫ్టును చెప్పిన ధరలో సగానికి కొన్నాను.

మొన్న రాయదుర్గం మెట్రో కింద మనవరాలి కోసం నిలబడి ఉంటే, ఎత్తు పెంచిన పికప్ ఒకటి సిగ్నల్ దగ్గర ఆగింది. నిగనిగలాడే నలుపు, నడుమెత్తు టైర్లు, లోపల మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న కుర్రాడు. పచ్చలైటు పడి బండి కదలగానే దాని పొట్ట కింద టక్కుమని ఒక్క చప్పుడు వినిపించింది. పక్కన ఇంకెవరూ తల తిప్పలేదు. నాకు మాత్రం మా బావ కళ్ళముందు నిలబడ్డాడు.

మా అక్కను జీడిమెట్ల దగ్గరివాళ్ళకు ఇచ్చాం. తెలంగాణ సంబంధమా అని మావాళ్ళు కొందరు నసిగినా, బావ పెళ్ళిపందిట్లోనే "ఏరా బామ్మర్దీ" అంటూ నా భుజం మీద చెయ్యేశాడు. కోస్తావాళ్ళెవరైనా వచ్చి వెళ్ళగానే వాళ్ళ అండీలను సాగదీసి అనుకరించేవాడు. సీమవాణ్ణి కాబట్టి నాకూ ఆ అండీలు అంతగా అలవాటు లేక, పొట్టపట్టుకుని నవ్వేవాణ్ణి. ఇద్దరం కలిసి నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ ఒకటి కొన్నాం. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రాయదుర్గం వెనక అప్పట్లో ఇంకా బండలే. అక్కడ లేస్తున్న టవర్ల పనివాళ్ళకు భోజనాలూ నీళ్ళ క్యాన్లూ చేర్చడం మా పని.

దారి అంటూ లేని ఆ బండల మీద బండి పొట్ట ఒరుసుకుంటోందని బావ ఇరుసుల మీది కమాన్ కట్టలు మార్పించి జానెడు ఎత్తు లేపించాడు. ఉద్యమం మంచి వేడి మీద ఉన్న రోజులవి. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి, టీజీ అని తన చేత్తోనే రంగు వేశాడు. బంద్ రోజున ఆ అక్షరాలు చూసే మా భోజనాల బండిని వదిలేవారు కాబట్టి నాకూ అభ్యంతరం లేకపోయింది. గిట్టుబాటు అయితే నాకు దేనిమీదా అభ్యంతరం ఉండదు.

ఎత్తు లేచాక చిక్కు మొదలైంది. గేరుబాక్సు పైకి పోయింది, వెనక ఇరుసు కిందే ఉంది. ఆ రెంటినీ కలిపి తిప్పే పొడుగాటి గొట్టమే ఈ షాఫ్టు. అది మరీ ఏటవాలుగా దిగడంతో చివర్లో ఉన్న జాయింట్లు కొట్టుకుని, కాస్త వేగం అందుకోగానే బండి చలిజ్వరం వచ్చినట్టు వణికేది. గేరుబాక్సు కింద ఇనుప ముక్కలు పెట్టి దాన్ని కొంచెం దించుకోవచ్చు, అది చౌక. బండికి కొలిచి, పైచివర జంట జాయింటుతో కొత్త షాఫ్టు చేయించుకోవచ్చు, అది ఖరీదు. లేదా పెంచిన ఎత్తు తీసేయాలి. ఆ మాట బావ వినిపించుకోలేదు.

జీడిమెట్లలో లేత్ షాపు ఉన్న ఒకాయన బావకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన బండి కింద దూరి కొలతలు తీసి, కొత్తదానికి ఇంతవుతుందని చెప్పాడు. నేను అలవాటుగా పెదవి విరిచాను. మా కొట్లో సరుకు రెండే రకాలు, కంపెనీది, లోకల్‌ది. నాసిరకానికి మా నాన్న వాడే మాట అదే. పాతసామాన్ల బజారులో కంపెనీ ముద్ర ఉన్న షాఫ్టు ఒకటి అప్పటికే చూసిపెట్టుకున్నాను.

"వద్దులే బావా. లోకల్‌ది ఎంత తక్కువకిచ్చినా లోకల్‌దే. నమ్మేదానికి లేదు."

ఆ రోజుల్లో ఊరంతా లోకల్, నాన్ లోకల్ అన్న మాటల మీదే రగులుతోంది. ఎవరి ఉద్యోగాలు ఎవరు తిన్నారో ప్రతి టీ కొట్టులోనూ తేల్చుకుంటున్నారు. నోరు జారేదాకా నాకది తట్టనేలేదు. స్నేహితుడు లేత్ ఆపి, "మీ బామ్మర్ది మనల్ని నమ్మడంట" అని నవ్వబోయాడు. బావ నవ్వలేదు.

"మేం లోకలోళ్లమే గదరా. ఇన్నేండ్ల సంది మా ఇంట్ల బువ్వ తింటున్నవ్, అది నమ్మినవ్ గద."

సరుకు సంగతి అంటున్నాను, మనుషుల సంగతి కాదన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. కావాలంటే ధర తగ్గించమను, ఇక్కడే చేయిద్దాం అని తోక తగిలించాను.

"మీ ఇష్టమండీ" అన్నాడు బావ.

ఎప్పటిలాగే ఎగతాళి అనుకుని పెద్దగా నవ్వాను. ఆ షాపులో నా నవ్వొక్కటే వినిపించింది.

నా షాఫ్టూ, నా ఇనుప ముక్కలూ బిగించాక వణుకు తగ్గిన మాట నిజం. పదిమందికీ చెప్పుకుని తిరిగాను. కానీ ఎత్తు లేచిన బండికి గేరుబాక్సుకూ ఇరుసుకూ మధ్య దూరం కూడా పెరుగుతుంది. మామూలు బండికి చేసిన ఆ షాఫ్టు, ఒకదానిలో ఒకటి జారే ముక్కల కొసలు మాత్రం పట్టుకుని వేలాడుతోంది. ఒక మధ్యాహ్నం రాయదుర్గం చరియ ఎక్కుతుండగా వెనక చక్రం గుంతలోకి దిగింది, షాఫ్టు ఊడి రెండు ముక్కలైంది, తిరుగుతున్న ముక్క గేరుబాక్సును బాదేసింది, బండి వెనక్కి జారి ఒక గుండుకు ఆనుకుంది. పప్పూ అన్నం బండ మీద పరుచుకున్నాయి. బావ తిడితే బాగుండేది. స్టీరింగ్ వదిలి దిగి, నా వైపు వచ్చి తలుపు తీసి, "మీకేం తగల్లేదు కదండీ" అన్నాడు.

గేరుబాక్సు బాగవగానే తన డబ్బుతో స్నేహితుడి దగ్గర షాఫ్టు చేయించి బిగించాడు, ఇగ బండి మీరే నడుపుకోండని తాళం ఇచ్చేశాడు. వాళ్ళింటికి వెళ్తే కంచం పెట్టి, ఇంకాస్త వేసుకోండి అనేవాడు. అక్క ఒకసారి గుమ్మం దాకా వచ్చి, "ఎట్లైనా ఒక్కసారి తిట్టించుకోరా" అంది. అన్ని బేరాలు తెలిసిన నాకు అది చేతకాలేదు.

రాష్ట్రం వచ్చింది, వేడి చల్లారింది, లోకల్ అన్న మాట మళ్ళీ సరుకులకూ రైళ్ళకూ తిరిగిపోయింది. అందులో ముల్లు ఎక్కడుండేదో మా మనవరాలికి ఎంత చెప్పినా అర్థం కాదు. ఆ బండలన్నీ పగిలి అద్దాల మేడల కింద పునాదులయ్యాయి. అక్కడికి వెళ్ళడానికి ఇప్పుడు ఎత్తు బండి అక్కర్లేదు. బావకు డెబ్బై దాటాయి. పండగకు ఫోన్ చేస్తే అందరి క్షేమమూ అడుగుతాడు, ఒక్కర్నీ మరిచిపోడు, ఆపైన మాకు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

నిజాయితీగా లెక్క చూస్తే పాత షాఫ్టు ఎనిమిది వేలు, ఇనుప ముక్కలూ బిగింపూ రెండు, క్రేను మూడు, గేరుబాక్సు బాగుచేతకు ఇరవై రెండు, పారబోసుకున్న భోజనాలు నాలుగు. వెరసి ముప్పై తొమ్మిది వేలు. లేత్ షాపాయన అడిగింది పద్నాలుగు. ఆయన చేసిన షాఫ్టు బండి అమ్మేదాకా చిన్న చప్పుడు కూడా చేయలేదు. దాని ఖరీదు ఈ లెక్కలో కలపలేదు. ఇవ్వబోయినప్పుడల్లా బావ రెండు చేతులూ జోడిస్తాడు.