చల్లబడని ఒళ్ళు

ల్యాబులో అతణ్ణి అందరూ మెత్తచేతులాయన అంటారు. ఎలుకల్ని సాకడం, సూదులు వెయ్యడం, వాటి ఒంటి వేడి చూడటం అతని పని. అతని చేతిలో ఏ ఎలుకా కొరకదు. అదే చెయ్యి ఇంటికొస్తే పెళ్ళాం దవడ పగలగొడుతుంది! తువ్వాలు అందివ్వడం ఆలస్యమైనా కొట్టడమే, ఎదురు చెప్పినా కొట్టడమే. మొన్న జుట్టు పట్టి ఈడ్చి గడపకేసి బాదితే ఆమె నుదురు చిట్లింది. ఏం మగతనమో, తగలెయ్య!

వాళ్ళ చిన్న కూతురికి నెలల తరబడి జ్వరం. పరీక్షల్లో ఏమీ తేలలేదు. మాత్ర వేసినా తగ్గదు. పిల్లంటే అతనికి ప్రాణం. ఏమైపోతుందోనని హడలి చస్తున్నాడు.

ల్యాబులో కొన్ని ఎలుకలకు రోజూ ఒత్తిడి హార్మోను ఎక్కిస్తున్నారు. సెరటోనిన్ అనే మెదడు రసాయనంలా పనిచేసే మందిస్తే మామూలు ఎలుక ఒళ్ళు చల్లబడుతుంది. వీటికి మాత్రం సరిగా చల్లబడటం లేదు.

"ఎందుకు మేడమ్?" అని ప్రయోగం చేయిస్తున్న సైంటిస్టుని అడిగాడు.

"ఆ హార్మోను అదేపనిగా పోస్తుంటే మెదడులో సెరటోనిన్‌ని అందుకునే గ్రాహకాలు మొద్దుబారతాయి. ఇక ఒళ్ళు మాట వినదు," అంది మేడమ్. "వేడెక్కడానికైతే ఉత్త భయం చాలు. అందుకేగా నిన్ను రెండుసార్లు చూడమనేది!"

ఎలుక బెదరకముందు ఒకసారి, బెదిరిన కాసేపటికి మరోసారి. ఆ తేడాయే దాని భయం.

ఆ సాయంత్రం పిల్ల నిద్రలో ఉండగా చంకలో థర్మామీటరు పెట్టాడు. జ్వరం లేదు! సంబరంగా పెళ్ళాన్ని కేకేశాడు. ఆ కేకకు పిల్ల ఉలిక్కిపడి లేచి, తండ్రిని చూసి గోడకు అతుక్కుపోయింది. కాసేపాగి మళ్ళీ చూస్తే నూరు దాటింది.

ఆ తేడా ఏమిటో అతనికొకరు చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, "నువ్వే దానికి నూరిపోశావు!" అంటూ పెళ్ళాం గొంతు పట్టుకుని నొక్కాడు. ఆమె చేతికందిన స్టూలుతో అతని కణత మీద ఒక్కటిచ్చింది. నెత్తురు కళ్ళలోకి కారి అతడు తూలాడు. ఆమె బయటికి నెట్టి గడియ పెట్టేసింది.

తలుపు బాదాడు, తన్నాడు, బూతులు తిట్టాడు. చెక్క చీలింది.

లోపల్నుంచి ఆమె బొంగురు గొంతు వినబడింది. "నూట ఒకటి."

మళ్ళీ మళ్ళీ తన్నాడు.

"నూట రెండు. తన్నవయ్యా, ఇంకా తన్ను! పిల్ల వణికిపోతోంది."

ఎత్తిన కాలు దించేశాడు. తలుపుకు చెవి ఆనించి, ఏడుపు బయటికి రాకుండా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"తగ్గితే చెప్పవే," అన్నాడు చివరికి.

"నువ్వక్కడుంటే తగ్గదు."

చెప్పులు లోపలే ఉన్నాయి. అడగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.