కొండలయ్య అయిదు పుస్తకాలు

"నా చెయ్యి వణికిందని ఇంకోసారి అన్నావంటే ఈ స్పూను నీ నెత్తిన పగలగొడతా!"

"పగలగొట్టక్కా. చెక్క స్పూనుకు పగిలే నెత్తి కాదులే ఇది. కానీ గీత వంకరపోయినాది. వంకరను వంకర అనకుండా ఏమనాల?"

"నీ అద్దం కింద పెట్టుకోని చెక్కినప్పుడు చక్కంగా ఉండాది కదరా! పక్కకు తీస్తే పొట్టొచ్చినాది. తప్పు నాదా, నీ అద్దానిదా?"

"అద్దం చూపిస్తాది అంతే. చెక్కేది నువ్వు."

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న కళ్లద్దాల అంగట్లో జరిగింది ఈ గొడవ. మా నాయన కళ్లజోడుకు ఊడిపోయిన మర బిగించుకుందామని వెళ్లి, బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల ఉన్నది అంగడి యజమాని కొండలయ్య, ఉదయగిరి నుంచి మొదటి బస్సుకు వచ్చిన ఆయన అక్క దేవకమ్మ. మర సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

"ఒరే అబ్బయ్యా, నువ్వు ఇంజినీరింగు చదివినావు కదా. లోపలికి రా. ఎవరిది తప్పో చెప్పు" అన్నాడు కొండలయ్య.

"రెండేళ్లకే మానేసినా చిన్నాయనా."

"తప్పు పట్టేదానికి పట్టా ఎందుకురా?" అంది దేవకమ్మ. అది నిజమే. మా ఊళ్లో పట్టా ఉండి తప్పు పట్టినవాళ్లను నేనూ చూడలేదు.

బల్ల మీద అంగడి చీటీల పుస్తకం ఉంది. గీతల కాగితం ఒకటి చించి, దేవకమ్మ తెచ్చిన పెద్ద భూతద్దం కింద పెట్టాను. నడిమి గీత తిన్నగానే ఉంది. అంచులకు పోయేకొద్దీ గీతలు లోపలికి వంగాయి, నడుము నొక్కుకున్న మనుషుల్లాగా. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తిన్నని గీతను ఈ అద్దం లోపలికి వంచి చూపిస్తుంది. దేవకమ్మ దాన్ని సరిచేద్దామని బయటికి చెక్కుతుంది. అద్దం కింద గీత తిన్నగా కనిపించేసరికి, చెక్క మీద పొట్ట తయారవుతుంది.

"చూసినావా! ముప్పై ఏళ్ల చెయ్యిరా ఇది. కంటికి అబద్ధం చెప్పినావు నువ్వు" అంది దేవకమ్మ.

కొండలయ్య కాగితాన్ని అద్దం కింద తానే తిప్పి చూశాడు.

ఇక్కడ ఆయన గురించి చెప్పాలి. కలిగిరి దగ్గర పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. పద్నాలుగో ఏట గొర్రెలను తమ్ముడికి అప్పగించి, మద్రాసులో కళ్లద్దాలు నూరే కార్ఖానాలో చేరాడు. ఇనప గిన్నెలో ఎమరీ అనే గరుకు పొడి, నీళ్లు వేసి, గాజు బిళ్లను దాని వంపుకు అరగదీయడం అక్కడ పని. గిన్నె ఎంత గుంతగా ఉంటే అద్దం అంత ఉబ్బుగా వస్తుంది. పదకొండేళ్లు అదే చేసి ఆత్మకూరు వచ్చి అంగడి పెట్టాడు. ఇప్పుడు అద్దాలన్నీ నెల్లూరు నుంచి తయారుగా పెట్టెల్లో వస్తాయి. ఫ్రేముకు సరిపోయేట్టు అంచు కత్తిరిస్తే చాలు. అయినా ఆ ఇనప గిన్నెలను పారేయలేదు. పొద్దున పూట గిరాకీ లేనప్పుడు ఊరికే ఏదో ఒక గాజు ముక్కను నూరుతూ కూర్చుంటాడు.

ఇంకొక సంగతి. ఆయనకే దగ్గర చూపు ఆనదు. చీటీని చేయి చాచి చదువుతాడు. కళ్లజోడు మాత్రం పెట్టుకోడు. "మందుల అంగడోడు మందులు మింగుతా కూర్చుంటే ఎవుడన్నా కొంటాడా?" అంటాడు.

దేవకమ్మ కథ వేరు. పెళ్లై ఉదయగిరి వెళ్లాక, పక్కింటి మస్తాన్ భార్య దగ్గర చెక్క స్పూన్లు చెక్కడం నేర్చుకుంది. ఆ ఊళ్లో ఆ పని ఎక్కువగా సాయిబుల ఇళ్లది. ఆమె ప్రత్యేకత స్పూను కాడ మీద గీతలు. వేలెడు వెడల్పు కాడ మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, ఒకదాని పక్కన ఒకటి, ఎనిమిది గీతలు చెక్కుతుంది. స్కేలు పెట్టదు. రెండేళ్ల నుంచి కళ్లు మసకబారాయి. ఆపరేషన్‌తో వచ్చే చూపు కాదని డాక్టరు చెప్పేశాడు. అందుకే కొండలయ్య ఒక మందపాటి గాజు బిళ్లను నూరి, స్టాండుకు బిగించి ఇచ్చాడు. దాని కింద చెక్కిన నలభై స్పూన్లూ పొట్టలతో వచ్చాయి.

మహిళా సంఘం నడిపే రేణుకాదేవి వాటిని చూసి, పారేయలేక, బెంగళూరు అంగడికి పంపే సరుకులో అడుగున వేసిందట. తర్వాత దేవకమ్మను పిలిచి మెత్తగా చెప్పిందట: "వచ్చే సరుకులో కూడా వంకరొస్తే నువ్వు గరుకు కాగితం రుద్దే కాడ కూర్చో పెద్దమ్మా. ఆడ కళ్లతో పని లేదు."

గరుకు కాగితం రుద్దడం అంటే కొత్తగా చేరినవాళ్ల పని. ముప్పై ఏళ్లు చెక్కిన మనిషిని అక్కడ కూర్చోబెట్టడమంటే, వడ్డించే మనిషిని విస్తళ్లు ఎత్తమన్నట్టు. మొదటి బస్సు ఎక్కి ఆమె కొట్లాటకు వచ్చింది అందుకు.

"నెల రోజుల్లో వంకర లేని అద్దం ఇస్తా పో" అన్నాడు కొండలయ్య. ఆమె వెళ్లాక నా వైపు తిరిగాడు. "దీనికి పుస్తకాలు ఉంటాయా అబ్బయ్యా?"

ఉంటాయి. ఫోన్లో వెతికాను. అద్దాల రూపకల్పన నేర్చుకోవడానికి ఏ పుస్తకాలు చదవాలని ఎవరో అడిగితే, ప్రపంచం నలుమూలల నుంచి పెద్దమనుషులు జవాబులు రాశారు. అందరూ కలిపి అయిదు పుస్తకాలు తేల్చారు. బొమ్మలు ఎక్కువ, లెక్కలు తక్కువ ఉన్నది ముందు చదవాలట. రెండోది అద్దం చేసే తప్పులన్నిటికీ పేర్లు పెట్టిన పుస్తకం. మూడోది కంప్యూటర్లు లేని కాలంలో, కాగితం మీద లెక్క వేసినవాళ్లు రాసింది. నాలుగోది కంప్యూటర్ ఉన్నవాళ్లకు. అయిదోది ఈ నాలుగూ చదివినవాళ్లకు. ఒకాయన మాత్రం, పుస్తకాలెందుకు, పని చేస్తూ నేర్చుకోండి అని రాశాడు.

"నలభై ఏళ్లుగా అదే చేస్తా ఉండా. ఆయన అడ్రసు ఉంటే కనుక్కో, మా అక్కను పంపిస్తా" అన్నాడు కొండలయ్య.

మొదటి మూడు పుస్తకాలు నా పాత కాలేజీ లైబ్రరీ నుంచి, ఇంకా చదువుతున్న స్నేహితుడి కార్డు మీద తెప్పించాను. వాటి మీద పడిన తేదీ ముద్రలు చూస్తే, మేము పుట్టక ముందు ఒకసారి ఎవరో తీసుకున్నారు. మిగతా రెండూ దొరకలేదు. దొరకకపోవడమే మంచిదైంది.

రోజూ పది గంటలకు అంగట్లో చదువు మొదలయ్యేది. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాలి. మొదటి పుస్తకం ముందుమాటలోనే తగువు వచ్చింది.

"ఇది చదివేవాళ్లకు ఫలానా పుస్తకంతో పరిచయం ఉందనుకుంటున్నాం అని రాసినాడు చిన్నాయనా."

"ఆ ఫలానా దాంట్లో ఏం రాసుండాది?"

అది కూడా మా దగ్గర ఉంది. రెండోదాని ముందుమాట తీశాను. అక్కడ ఇంకో పుస్తకం పేరు ఉంది.

"ఇట్ల వెనక్కి పోతే మా అమ్మ కడుపులోకి పోయి మళ్లీ చదువుకోని రావాల" అన్నాడు. "ముందుమాటలు ఇడిసిపెట్టు. వంకర కాడికి రా."

ఆయన చదవగలిగింది బొమ్మలే. ఆ బొమ్మలను నాకన్నా బాగా చదివాడు. గాజులోంచి పోయే గీతను వేలితో వెంటాడి, "ఈడ వంగినాది, ఎందుకంటే ఈడ ఉబ్బు ఎక్కువ" అని పుస్తకం చెప్పకముందే చెప్పేవాడు. లెక్కలు వచ్చిన చోట నేను పేజీ తిప్పేస్తే పట్టుకునేవాడు.

"ఏందిరా, రెండు పేజీలు ఎగరగొట్టినావు?"

"అయ్యి లెక్కలు చిన్నాయనా."

"కాలేజీ కూడా ఇట్నే ఎగరగొట్టినావా?"

మూడో పుస్తకం ఆయనకు నచ్చింది. కంప్యూటర్ లేనివాళ్లు రాసింది కదా, మనవాళ్లే అన్నాడు. దాంట్లో ఒక బొమ్మ దగ్గర మా చదువు ఆగిపోయింది. ఒక్క అద్దం మీదే భారమంతా వేస్తే అది అంచుల్లో వంకర చూపిస్తుంది. అదే పనిని రెండు అద్దాలకు పంచి, వాటి ఉబ్బులను ఎదురెదురుగా పెట్టి, నడుమ కాస్త దూరం ఉంచితే, వంకర చాలావరకు తగ్గిపోతుంది. కొండలయ్య ఆ పేజీ మీద చేయి పెట్టి చాలాసేపు నవ్వాడు.

"ఒకడు చేస్తే మోసం. ఇద్దరు పంచుకోని చేస్తే పద్ధతి. మన పంచాయతీ లెక్కేరా ఇది."

అంత మందం గాజు ఇప్పుడు దొరకదు. దేవకమ్మ దగ్గరున్న పాత అద్దాన్నే తెప్పించి, దాన్ని కొత్త వంపుకు అరగదీశాడు. దానికి జోడీ ఒకటి, అంత మందం అక్కర్లేని గాజు ముక్కతో నూరాడు. ఇందుకోసం, పాత అద్దాన్ని మొదట నూరిన ఇనప గిన్నెనే లేత్ మిషను పట్టించి గుంత తగ్గించాడు. పాత వంపు ఎంతో కొలిచి పెట్టుకోవాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. తప్పును ఎవడు కొలిచి దాచుకుంటాడు? టిఫిన్ క్యారియర్ గిన్నె అడుగు కోసి, రెండు అద్దాలనూ దాంట్లో బిగించాడు. గీతల కాగితం పెట్టి చూశాం. అంచుల్లో వెంట్రుకంత వంపు ఉందేమో, అంతే.

తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఇద్దరం ఉదయగిరి బస్సెక్కాం. దేవకమ్మ వాకిట్లో కూర్చుని, ఒక కాడను దాని కింద పెట్టి, ఎనిమిది గీతలూ చెక్కింది. పక్కకు తీసి వేలితో తడిమి చూసింది. ఊరి పైన కొండ కోట మీద నుంచి ఎండ నేరుగా ఆమె చేతుల మీద పడుతోంది. తమ్ముడు ఏదో మాట కోసం నిలబడి ఉన్నాడు.

"బరువుగా ఉండాది" అంది.

"గీత?"

"గీతకేమిరా, అది నా చెయ్యి కదా."

తిరుగు బస్సులో కొండలయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు అంతకన్నా పెద్ద మెప్పు ఎప్పుడూ దొరకలేదనుకుంటాను. మర్నాడు అంగడి మీద ఒక అట్టముక్క వేలాడింది: వంకర చూపించని అద్దాలు తయారు చేయబడును. ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లందరికీ తమ చూపు తిన్నగానే ఉందని గట్టి నమ్మకం.

కొత్త అద్దం కింద చెక్కిన స్పూన్లు బెంగళూరు వెళ్లాయి. మూడు వారాలకు దేవకమ్మ మళ్లీ మొదటి బస్సుకు దిగింది. ఈసారి కొట్లాటకు కాదు. దాంతో నాకు భయం వేసింది.

"వద్దన్నారంటరా" అంది, బల్ల మీద కూర్చుంటూ.

"మళ్లీ వంకరపోయినాయా?"

"తిన్నంగా ఉన్నాయంట."

రేణుకాదేవి చెప్పింది ఇది. బెంగళూరు అంగడివాళ్లకు ఈ తిన్నని గీతలు మిషను మీద తీసినట్టు ఉన్నాయట. అడుగున వేసి పంపిన ఆ పొట్ట గీతలవే ముందుగా అమ్ముడుపోయాయట. చేతి పనంటే అది అన్నారట. అలాంటివి రెండు వందలు కావాలట. ముందు ఆదివారానికి ఒకటి నమూనా పంపాలి. పంపలేకపోతే ఆర్డరు ఇంకో ఊరికి పోతుంది, దేవకమ్మ గరుకు కాగితం దగ్గరికి పోతుంది.

"పొట్ట పెట్టి చెక్కరాదా అత్తా?" అన్నాను.

"చెక్కినా అబ్బయ్యా. కావాలని పెడితే పొట్ట రాలేదు, జలోదరం వచ్చినాది. ఒకటి లావు, ఒకటి సన్నం. తిన్నంగా చెక్కేదే వచ్చు నాకు. ఆ పొట్ట నేను పెట్టింది కాదు. వీడి అద్దం పెట్టింది." తమ్ముడి వైపు తిరిగింది. "ఆ పాతది ఇచ్చెయ్‌రా."

కొండలయ్య టిఫిన్ క్యారియర్ అద్దం వైపు చూశాడు. పాతది దాంట్లోనే ఉంది, అరిగిపోయి, సరైపోయి. రెండింట్లో ఒకదాన్ని తీసేసి చూశాడు. గీతలకు అప్పటి వంపు రాలేదు, దేవకమ్మకు చూపూ ఆనలేదు. లేత్ పట్టించిన గిన్నె వైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా అంగట్లో ఏ పాత వస్తువునూ పారేయని మనిషి, అవసరమైన ఒక్క తప్పును మాత్రం చేతులారా నూరి పారబోశాడు.

"ఆదివారానికి ఇస్తాలే పో" అన్నాడు. ఆమె లేచింది. బస్టాండులో నేను ఆమెను ఎక్కించి వచ్చేసరికి, కొండలయ్య అట్టముక్క దించి దాని వెనక వైపు ఏవో వంపులు గీస్తున్నాడు. మూడు పుస్తకాలూ పక్కన తెరిచి ఉన్నాయి, బొమ్మల పేజీల దగ్గర. నన్ను చూసి పెన్సిలు కింద పెట్టాడు.

"అబ్బయ్యా, తప్పు తీసేదానికి అయిదు పుస్తకాలు రాసినారు కదా. తప్పు పెట్టేదానికి ఎవుడో ఒకడు రాసుండడా? ఇంత పొట్ట కావాలంటే ఇంత ఉబ్బు పెట్టు అని, కొలత ఇచ్చి. ఆ పెద్దమనుషుల్నే మళ్లీ అడుగు. నా పేరు చెప్పమాక." చేయి చాచి మూడో పుస్తకాన్ని దూరంగా పట్టుకుని ముందుమాట వైపు చూశాడు. "దొరికితే దాని ముందుమాట నువ్వే ముందు చదువు. దానికి ముందు ఇంకోటి చదివుండాలని రాసుంటే మాత్రం, దాన్ని మా అక్కకు కనపడనీయమాక. ఆదివారం దాకా ఆగదు, ఆ స్పూను నా నెత్తినే పగలగొడతాది."