వకీలు గారి కారులో పక్క సీటు

మొన్న మిర్యాలగూడలో ఎండకు నిలబెట్టిన జీపు ఒకటి ఎక్కాను. కాగిపోయిన తోలు సీటు వాసన, దానితోపాటు పెట్రోలు వాసన గుప్పుమన్నాయి. "ఎటు పోవాలె సార్?" అని డ్రైవరు అడుగుతుంటే, పక్కన వకీలు నర్సింహయ్య గారే కూర్చున్నట్టనిపించింది. సూర్యాపేటలో ఆయన దగ్గర నేను గుమాస్తాగా ఉండేవాణ్ని. ఆయనకు భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక పాత నల్ల కారు. ఎత్తు ఎక్కితే దగ్గేది, దిగితే మూలిగేది. నేను విసుక్కుంటే, "ముసల్దాన్ని తిట్టకు, వింటది" అనేవారు.

ఆ కారును ఆయన ఖాళీగా నడపగా నేను చూడలేదు. దారిలో ఎవరు నడిచిపోతున్నా ఆపేవారు. ఒకసారి మిర్యాలగూడ కోర్టు నుంచి తిరిగొస్తుంటే, నిడమనూరు గొల్ల మల్లయ్య భుజాన గొర్రెపిల్లతో సూర్యాపేటలోని కూతురింటికి నడిచిపోతూ కనిపించాడు. తలుపు తీస్తే, "కాళ్లకు మట్టున్నది దొరా" అని వెనక్కి జరిగాడు. "గిది గూడ మట్టి మీదనే నడుస్తది. ఎక్కు" అన్నారు వకీలు గారు. దారి పొడుగునా మల్లయ్య అల్లుడి మీద చాడీలు చెబుతూనే ఉన్నాడు. ఈలోగా గొర్రెపిల్ల నా ఒళ్లోని కాగితాల మీద తన పని కానిచ్చింది. నేను లబలబలాడుతుంటే వకీలు గారు కారు ఆపి మరీ నవ్వారు. నవ్వడం అయ్యాక, "ఊఁ, అల్లుడేమన్నడు?" అని మల్లయ్యను మళ్లీ అడిగారు. ఎదుటి మనిషి మాట చివరిదాకా వినడం నాకు ఆ కారులోనే అలవడింది.

తర్వాత నవాబు రాజ్యం చివరి గడబిడ రోజులొచ్చాయి. తుపాకులు పట్టుకున్నవాళ్లు దొరికిన బండినల్లా గుంజుకుని ఊళ్ల మీదికి పోతున్నారు. వకీలు గారికి కంటి మీద కునుకు లేదు. "నేను ఎక్కించుకున్నోళ్ల ఇండ్ల మీదికే నా కారు పోతె ఎట్లనయ్యా?" అన్నారు. చివరికి కోదాడలోని ఒక బియ్యం వ్యాపారికి అమ్మేశారు. రాజ్యం సరిహద్దు దాటించి దాచేస్తానని అతను మాటిచ్చాడు. కారు వెళ్లిపోతుంటే ఆయన ధైర్యంగానే ఉన్నారు. "పోతె పోయింది. మనుషులు యాడికి పోతరు? ఇంటికొస్తరు."

రాలేదు. కారెక్కినవాళ్లు ఆయన ఇంటి అరుగెక్కలేదు. వకీలు అరుగు మీద మనిషి కనిపిస్తే చాలు, వాడికేదో కేసు పడిందని ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. ఇన్నేళ్లు వకీలుగా చేసిన మనిషికి ఆ సంగతి తట్టనే లేదు. సాయంత్రాలు బయట కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్లను పిలిచేవారు. కూతురింటికొచ్చిన మల్లయ్య కనిపించినా అంతే.

"ఓ మల్లయ్యా, జర వచ్చి కూసో."

"పనున్నది దొరా, మళ్లొస్త."

దండం పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ అరుగు మీద నేనూ ఆయనా తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. కొన్నాళ్లకే గడబిడ సద్దుమణిగింది. నన్ను వెంటబెట్టుకుని కోదాడ వెళ్లి కారు తిరిగి ఇమ్మని అడిగారు. వ్యాపారి ససేమిరా అన్నాడు. బయటికొచ్చాక, "జర ఆగకపోతినయ్యా" అని తొడ మీద కొట్టుకున్నారు. ఆయన్ని అలా చూసి నాకు ఏడుపొచ్చింది.

బస్సు కోసం నడుస్తుంటే, దుమ్ము లేపుకుంటూ అదే కారు ఎదురొచ్చింది. వ్యాపారి మనిషెవరో నడుపుతున్నాడు. వకీలు గారి చెయ్యి సగం లేచి దిగిపోయింది. కారు ఆగలేదు. కళ్లలో పడ్డ దుమ్మును కండువాతో తుడుచుకుంటూ అడిగారు.

"లోపట ఎంతమందున్నరు?"

నడిపేవాడు తప్ప ఒక్కడూ లేడు.

"నిండ ఉన్నరు సాబ్" అన్నాను.

ఆయన కండువా దులిపి మెడలో వేసుకున్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశారు. "వకీలు దగ్గర పనిజేసి అబద్ధం జెప్పుడు గూడ నేర్వకపోతివి" అని ముందుకు నడిచారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కారు కొనే స్తోమత నాకెప్పుడూ రాలేదు. అయితే తెలిసిన మనిషి ఎవరైనా మా ఇంటి ముందు నుంచి పోతుంటే, లోపలికి రమ్మని పిలవను. చెప్పులేసుకుని నేనే దిగి, వాళ్లతో కొంతదూరం నడుస్తాను.