నీళ్ల పొయ్యిలో చైనా

మొన్న కృష్ణదేవిపేట నుంచి నర్సీపట్నం వస్తుంటే, షేర్ ఆటోలో నా ఎదురుగా కూర్చున్న ఇద్దరు మా మేనత్త గురించి మాట్లాడుకున్నారు. నేను ఆవిడ మేనల్లుణ్ణని వాళ్లకు తెలియదు. ఒకాయన ఫోన్‌లో సరిహద్దు వార్తలు చూస్తున్నాడు. చైనా మాట వినపడగానే రెండో ఆయనకు ఆవిడ గుర్తొచ్చింది.

"మనూళ్లో సైనా మేడమ్ ఉండీది, తెల్దేటి? అన్నలతో లింకులున్నాయని పోలీసులొచ్చి పుస్తకాలన్నీ అట్టుకుపోనారు."

"సైనా ఆవిడికెందుకొచ్చిన గొడవ! మన గొలుగొండ రాజకీయవే మనకి అర్తం అవదు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టి, దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయాను. పోలీసులు ఏ పుస్తకమూ పట్టుకెళ్లలేదు. అడవిలో ఉన్నవాళ్లతో ఆవిడకు ఏ సంబంధమూ లేదు. ఈ రెండు సంగతులూ ఖాయంగా తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. ఆవిడ పోయాక చెప్పడం తేలికని కూడా నాకు తెలుసు.

అత్త నర్సీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. నేను నాతవరం నుంచి చదువుకని వచ్చి, చదువైపోయాక కూడా ఉద్యోగం కోసం చూస్తూ ఆవిడ ఇంట్లోనే ఉండిపోయాను. చైనా తన పొరుగు దేశాలతో ఎలా మసలుతుందన్నది ఆవిడ పరిశోధన. గైడు విశాఖపట్నంలో ఉండేవారు. ఆ భాష తనంతట తానే నేర్చుకుంది. స్వరం మారితే అర్థం మారే భాష అది. పప్పు పోపు పెడుతూ ఒకే మాటను నాలుగు స్వరాల్లో పలుకుతుంటే, గొంతు పట్టేసిందనుకుని పక్కింటావిడ మిరియాల కషాయం కాచి తెచ్చింది. అత్త ఏమీ చెప్పకుండా తాగేసి, గ్లాసు కడిగి ఇచ్చేసింది. చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక సంపాదకీయాలు, నాయకుల ప్రసంగాలు సంపాదించి, ఈ ఏడాదివీ నిరుటివీ పక్కపక్కన పెట్టుకుని చదవడమే ఆవిడ పని. తేలిన సంగతులు పోస్టుకార్డంత అట్టముక్కల మీద నల్లసిరాతో రాసి చెప్పుల డబ్బాల్లో సర్దేది. క్లాసులో పుస్తకంలా మాట్లాడేది గానీ ఇంట్లో మాత్రం మా భాషే. "ఏటి సెప్పేరో అందరూ సూస్తార్రా. నిన్నటిదాకా సెప్పి, ఇవేళ ఏది మానేసేరో అది సూడాలి" అనేది. అంతా అబద్ధాలే కదత్తా అంటే, "అబద్ధం కూడా ఆధారవేరా. ఎవలికి ఎక్కడ బయవో సెప్తాది" అనేది.

ఆ ఇంట్లో నాకున్న పని ఒక్కటే. సాయంత్రం పెరట్లో నీళ్ల పొయ్యి ముట్టించి, కాగాక "అత్తా, నీళ్లు కాగేయి" అని కేకెయ్యడం. ఆ కేక వినపడేదాకా ఆవిడ అట్టముక్కల మీద నుంచి తలెత్తేది కాదు.

బీజింగ్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కొన్ని నెలలు చదువుకునే అవకాశం ఆవిడకు వచ్చింది. పాస్‌పోర్టుకు పెట్టుకుంది. ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్ మంచి మనిషి. హాల్లో బల్ల మీద, అట్ట మీద మావో బొమ్మ ఉన్న లావుపాటి పుస్తకం చూసి కాస్త ఆగాడు. అత్త అతణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ పార్టీలో ఎవరి తర్వాత ఎవరు ఎందుకొచ్చారో ఓపిగ్గా వివరించింది. పాపం, అతను వేడి టీ గబగబా తాగేశాడు. గేటు దాకా వెళ్లిన నాతో, "తమ్ముడూ, నీకూ టీచరు పోస్టు వచ్చిందంట గదా. నీ ఎంక్వైరీ కూడా మా కాడికే వస్తాది. ఈ బొమ్మలూ అవీ బల్ల మీదెందుకు, లోపలెట్టండి" అన్నాడు.

అతను లోపల పెట్టమన్నాడు, అంతే. వేరే ఊళ్లో అయితే అది పుస్తకం. అన్నలు తిరిగే ఏజెన్సీ అడవికి వాకిలి లాంటి మా ఊళ్లో ఆ బొమ్మ అంటే కేసు. అలా అనుకుంటూ పెరిగినవాణ్ణి. మర్నాడు అత్త గైడును కలవడానికి విశాఖపట్నం వెళ్లింది. మధ్యాహ్నం నేను పుస్తకాలన్నీ పెరట్లో నీళ్ల పొయ్యి దగ్గరికి మోశాను. అట్టముక్కల మీద చైనా అక్షరాలున్నాయి కాబట్టి డబ్బాలు కూడా మోశాను. అట్టముక్కలు బేగి అంటుకున్నాయి. ఆ లావుపాటి పుస్తకం అట్ట మాత్రం ఎంతకీ కాలలేదు. కర్రతో పొడుస్తూ కూర్చున్నాను.

అత్త వస్తూనే స్నానానికి వెళ్లింది. "ఇవేళ నీళ్లు బాగా కాగేయిరా" అంటూ తల తుడుచుకుంటూ గదిలోకి నడిచింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, పోలీసులు వచ్చి అన్నీ పట్టుకెళ్లిపోయారని చెప్పాను. తడి తువ్వాలు భుజాన వేసుకుని అలాగే మంచం మీద కూర్చుంది. స్టేషన్‌కు వెళ్లి అడగలేదు. భయపడిందనుకున్నాను, అమ్మయ్య అనుకున్నాను కూడా. నా మాట నిలబడాలని పక్కింటావిడకీ అదే చెప్పాను. అక్కడి నుంచి అది కాలేజీ దాకా నడిచి వెళ్లింది. వచ్చే ఏడాది నుంచి రావద్దని యాజమాన్యం మర్యాదగానే చెప్పింది. పాస్‌పోర్టు ఏ అడ్డూ లేకుండా పోస్టులో వచ్చింది. అట్టముక్కలు లేకుండా అక్కడికి వెళ్లి ఏం చెయ్యాలని, అత్త దాన్ని బీరువాలో పెట్టేసింది. థీసిస్ గడువు దాటింది. నేను మాత్రం ఎంక్వైరీ సాఫీగా అయిపోయి సోషల్ టీచరుగా చేరాను. ఆ మర్నాటి నుంచే నీళ్ల పొయ్యి జోలికి వెళ్లని నేను, మొదటి జీతంతో ఇంటికి కరెంటు హీటరు కొన్నాను. అదీ చైనాదే.

అత్త వరండాలో పిల్లలకు ట్యూషన్లు చెబుతూ మిగిలిన కాలం గడిపింది. సరిహద్దులో మన సైనికులు చనిపోయిన ఏడాది, ఒక సాయంత్రం ఇద్దరం టీవీ చూస్తున్నాం. రెండు దేశాల ప్రకటనలూ చదువుతున్నారు. అత్త ముందుకు వంగి వింది. "సూడరా, పోయినసారి ఉన్న మాట ఈసారి తీసేసేరు. ఎవలూ అడగరు" అంది. టీవీ వైపే చూస్తూ మళ్లీ అంది.

"పుస్తకాలు పోలీసులు అట్టుకెళ్తే, నువ్వు నీళ్ల పొయ్యి ముట్టించడం ఎందుకు మానేసేవురా?"

గొంతులో కోపం లేదు. క్లాసులో కుర్రాణ్ణి అడిగినట్టు అడిగింది, జవాబు కోసం అలాగే ఆగింది. నేను లేచి వెళ్లి హీటరు స్విచ్ వేసి వచ్చాను.

"సర్లే. స్టేషన్‌కెళ్లి అడిగితే నీ మాట అబద్ధవని బయట పడిపోయీది. నీ ఎంక్వైరీ అప్పటికి అవలేదు కదా" అని సౌండు తగ్గించింది.

ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆ టీవీ ముందే కూర్చున్నాం. ధరలు, మోకాళ్ల నొప్పులు, తాండవ రిజర్వాయరు నీళ్లు ఎప్పుడు వదుల్తారన్నది, అన్నీ మాట్లాడుకున్నాం. "నేనే కాల్చేశానత్తా" అన్న ఒక్క మాట మాత్రం వాటిలో లేదు. అది లేదని ఆవిడ ప్రతి సాయంత్రం గమనించే ఉంటుంది. చెప్పవలసినవాడికి ఎంత కాలం మిగిలినా, వినవలసిన మనిషికి అంత కాలం ఉండదు.