అరచేతిలో పప్పుచారు

సిడ్నీలోని పెండిల్ హిల్‌లో ట్రైనెక్కి ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడుతున్నాను. ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడ నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "అమ్మా, చిన్న సాయం చేసిపెడతావా?" అంది. ఒళ్ళో క్యారేజీ ఉంది. హాస్పిటల్లో ఉన్న వాళ్ళాయనకి భోజనం తీసుకెళ్తోందట.

"ఈ పప్పుచారులో ఉప్పు చూడమ్మా. కొన్నాళ్ళుగా నాకు నోరంతా తీపి. ఏం తిన్నా బెల్లం కలిపినట్టే ఉంటోంది. మా ఫ్యామిలీ డాక్టరు చేయించిన టెస్టులన్నీ నార్మల్. చైనీస్ వైద్యం చేసే డాక్టరు నాలుక చూసి, బెంగ ఎక్కువైతే అరుగుదల చెడి నోరు ఇలా తియ్యగా అవుతుందన్నాడు. దేని గురించి బెంగ అనడిగాడు. ఏం చెప్తాను?"

ఎంగిలి కాకుండా స్పూనుతో నా అరచేతిలో నాలుగు చుక్కలు వేసింది. నాలుకకి తగలగానే మొహం ముడుచుకుపోయింది. ఉప్పు కషాయం!

"చాలా ఎక్కువైంది ఆంటీ," అన్నాను.

"రోజూ అంచనాగా ఇంతే వేస్తున్నానే!" ఆవిడ క్యారేజీ మూత పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే కంచం తోసేసిన మనిషి. ఈమధ్య ఏం పెట్టినా బాగుందంటున్నారు. ఇన్నాళ్ళకి నా వంట మెచ్చుకుంటున్నారనుకున్నా. అంటే, ఆయనకి అసలు రుచే తెలియడం లేదా అమ్మా?"

ట్రైను ఆగింది. ఆవిడ తన స్టేషన్లో దిగిపోయింది.

కూరలో ఉప్పెక్కువైందని మా ఆయన విసుక్కుంటే ఇదివరకు ఒళ్ళు మండేది. ఇప్పుడు హమ్మయ్య అనుకుంటాను.