బోయిగూడ ఇంట్లో వాకిలి బేరం

సికింద్రాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఇంటావిడతో బేరమాడి ఇల్లు కట్టినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటాను. ఆ బేరంలో గెలిచాను కూడా. ఆమె ఇంటి నడుమ కప్పులేని వాకిలి ఆరడుగులు అడిగింది, మూడడుగులకు కుదిర్చాను. తర్వాత ఆ మూడడుగుల మీద రేకులు వేసి కిరాయి రాబట్టాను. ఈ సంగతి బజారంతా చెప్పుకుని, విన్నవాళ్లకు నా డబ్బుతోనే చాయ్ తాగించాను. చాయ్ తాగినవాళ్లు నా తెలివిని మెచ్చుకోక ఏం చేస్తారు?

మాది ఇత్తడి గిన్నెల దుకాణం. నాకు నడకకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. దుకాణదారు రెండింతలు చెప్తాడు, గిరాకీ సగానికి అడుగుతుంది, నడుమ ఎక్కడో తెగుతుంది. నచ్చకపోతే గిరాకీ నాలుగడుగులు నడుస్తుంది, మేం వెనక్కి పిలుస్తాం. అందులో మోసం లేదు. చెప్పిన ధర అసలు ధర కాదని ఇద్దరికీ తెలుసు. లోకమంతా ఇట్లాగే మాట్లాడుతుందని నమ్మి పెరిగాను.

నా భార్య చిలకలగూడలో ఒక బడిపంతులు కూతురు. వాళ్ల ఇంట్లో ఎంతంటే అంతే. పెళ్లైన కొత్తలో కూరగాయలామె చెప్పిన ధరకే వంకాయలు కొనుక్కొచ్చి, పైగా, “పాపం, ఎండల కూసున్నది,” అంది. నేను చాలా రోజులు నవ్వాను. ఆమెకు చిన్నప్పటినుంచి ఉబ్బసం. వానాకాలమూ పొగా రెండూ పడవు. మేం అప్పుడు కిరాయికి ఉన్న ఇంట్లో కట్టెల పొగ సగం వంటింట్లో, సగం ఆమె గుండెల్లో ఉండేది.

అన్నదమ్ములం వేరుపడ్డాక నా వాటాకు కొంత నగదు వచ్చింది. అది పోలీస్ యాక్షన్‌కు ముందు ఎండాకాలం. రజాకార్ల భయానికి ఎందరో సరిహద్దు దాటి పోతున్నారు. నిజాం హాలీ సిక్కా మిగులుతుందో, ఇండియా కల్దార్ రూపాయే మిగులుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నేల మాత్రం ఎటూ పోదని నేను బోయిగూడలో ఒక జాగా చూశాను. అమ్మేవాడు షోలాపూర్ పోతున్నాడు. సామాను అప్పటికే టాంగాలో ఉంది, పిల్లలు పైన కూర్చున్నారు. అట్లాంటి మనిషితో బేరం ఆడటానికి నేర్పు అక్కర్లేదు, ఆలస్యం చేస్తే చాలు. చేశాను. సగం ధరకు వచ్చింది.

వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. కుడిపక్కా ఎడమపక్కా పొరుగిళ్ల గోడలు, వెనక ఒక గోదాము గోడ. గాలి రావాలంటే ముందు రోడ్డు వైపునుంచి, లేదంటే పైనుంచి.

ఇండియా సైన్యం వచ్చిన ఆ సెప్టెంబరులో అందరిలాగే మేమూ తలుపులు వేసుకుని కూర్చున్నాం. బయట ఎవరి రాజ్యం వస్తుందో తెలియదు. దుకాణం మూత. చేతులు ఊరికే ఉండక, గది మధ్యలో బండల మీద సుద్దముక్కతో ఇంటి పటం గీయడం మొదలుపెట్టాను.

“ముంగట మల్గీ,” అన్నాను. రోడ్డు మీదికి తెరుచుకునే దుకాణం గదిని మేం మల్గీ అంటాం. “రాజ్యం ఎవలదైనా మల్గీకి కిరాయి వస్తది. దాని పక్కకెల్లి లోపలికి సందు. ఎన్క మన అర్ర. దాని ఎన్క వంటిల్లు.”

ఆమె మోకాళ్ల మీద వంగి చూసింది. “మరి గాలి యాడికెల్లి వస్తది?”

“సందుకెల్లి.”

“మల్గీ దాటుకోని రావాలె. అంటే గాలి సుత మీకు కిరాయి కట్టి రావాల్నా?”

“కడితే తీసుకుంటా,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆమె నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, మేం పడుకునే అర్రకూ వంటింటికీ మధ్య రెండు గీతలు గీసింది. “ఈడ ఆరడుగులు ఇడిసిపెట్టుండ్రి. మీద కప్పెయ్యద్దు. పొగ పైకి పోతది, నాకు దమ్మాడ్తది. ఇంకేమొద్దు నాకు.”

“ఆరా! ఆరడుగులైతే ఇంకో అర్ర పడ్తది. రెండడుగులు సాలు.”

“ఆరు కావాలండీ.”

“సరే, నీ మాట కాదు, నా మాట కాదు. మూడు.”

ఆమె సుద్దముక్క కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. “మీ ఇష్టం,” అంది.

మా బజార్లో ఆ మాటకు బేరం తెగిందని అర్థం. నేను ఒక గీత చెరిపి దగ్గరగా గీశాను. ఆమె నాలుగడుగులు నడవలేదు, నేను వెనక్కి పిలవలేదు. ఎక్కడికని నడుస్తుంది? తలుపులన్నీ మూసే ఉన్నాయి.

చలికాలంలో జాగా మీద ముగ్గు పోసి గోడల గుర్తులు పెడుతుంటే ఆమె కూడా వచ్చింది. మేస్త్రీ వాకిలి గీతల మధ్య అడ్డంగా నిలబడి, “ఏంది సేటూ, గింత సందు? పిల్లి పండాల్నా?” అన్నాడు.

“పండనీ. పిల్లికి సుత కిరాయి రాస్తా.”

కూలీలంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వేసరికి దగ్గు వచ్చి, ఇటుకల కుప్ప పట్టుకుని నిలబడింది.

ఇల్లు లేచింది. మల్గీలో ఒక కిరాణా వ్యాపారి దిగాడు. మొదటి వానాకాలానికే బస్తాలు పెట్టుకోవడానికి జాగా చాలడం లేదని, ఆ వాకిలి ఇస్తే కిరాయి పైన ఇంకొంత ఇస్తానన్నాడు. బస్తాలు తడవకూడదు కాబట్టి రేకులు వేయించాను. ఎట్లాగూ మూడడుగులే కదా అని ఆమెతో చెప్పాను. “అడుగుతున్నరా, చెప్తున్నరా?” అంది. రేకులు అప్పటికే బండి మీద వచ్చేశాయి.

వంట పొగ బస్తాల మీదుగా మా అర్రలోకి వచ్చేది. మధ్యాహ్నం పని అయ్యాక ఆమె సందు దాటి వచ్చి, వీధి గడప మీద కూర్చునేది. ఒకనాడు కిరాణా వ్యాపారి నన్ను పక్కకు పిలిచి ఏదో నసిగాడు. నేను వెళ్లి, “గిరాకీ ముంగట గిట్ల కూసుంటే బాగుండదు,” అన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. మళ్లీ అక్కడ కూర్చోలేదు.

రెండో వానాకాలం చివర ఆయాసం బాగా ముదిరింది. “ఒక నెల మా నాయిన దగ్గర ఉండొస్తా. ఆడ ఇంటి ముంగట ఖాళీ జాగ ఉన్నది,” అంది.

“నెలా? దసరా గిరాకీ షురూ అయితది, ఇంట్ల ఎవలుండాలె? పదిహేను రోజులు సాలు.”

వెళ్లింది. నేను రెండుసార్లు వెళ్లి చూశాను. మొహం తేరుకుంది, రాత్రుళ్లు పడుకుని నిద్రపోతోందని మామగారు చెప్పారు. సరిగ్గా పదిహేనోనాడు పొద్దున ఇంటిముందు టాంగా దిగింది. నేను ఆశ్చర్యపోయాను. మా లెక్కలో పదిహేను అంటే ఇరవై, ఇరవై అయిదు. అన్నవాడికీ విన్నవాడికీ అది తెలిసే ఉంటుంది.

“ఇంకొన్ని దినాలు ఉండకపోయినవా? జెర మంచిగైనట్టున్నవ్ గదా.”

“పదిహేననే అంటిరి కదా,” అంది, సంచీ అందిస్తూ. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

ఆ సంచీ చేతిలో పట్టుకుని వీధిలో నిలబడ్డప్పుడు నాకు తెలిసింది. ఈ మనిషి నా దగ్గర ఎన్నడూ రెండింతలు చెప్పలేదు. ఆరడుగులంటే ఆమె ఊపిరికి ఆరడుగులే కావాలి. నెల అంటే నెలే. నేను ప్రతిసారీ అసలు ధరనే పట్టుకుని సగం చేశాను.

తెలిసిన వెంటనే రేకులు పీకించానా? లేదు. కిరాణా వ్యాపారి దసరా సరుకు దించుకున్నాడు. పండుగ పోనీ, తీయిద్దాం అనుకున్నాను. తెలియడం ఒకటి, బజారు అలవాటు పోవడం ఇంకొకటి.

పండుగ పోయింది. ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఒక్కొక్క ఊపిరినీ లాగి తెచ్చుకుంటోంది. నేను పక్కన కూర్చుని, “ఏం కావాలె నీకు? అడుగు. ఏదన్నా సరే,” అన్నాను. జీవితంలో మొదటిసారి హద్దు లేకుండా ఇస్తానన్నాను.

“అడిగిన కదండీ,” అంది. అంతే అంది. దీపావళికి ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరు.

ఇక ఖర్చు సంగతి. జాగా సగం ధరకు వచ్చింది, నిజమే. ఇటుకలో, సున్నంలో, కలపలో, కూలిలో నన్ను ఎవరూ మోసం చేయలేకపోయారు. మల్గీ మీద వచ్చిన కిరాయంతా, రేకులు పీకి, వంటింటి గోడ పడగొట్టి, వెనక్కి జరిపి కట్టించడానికి సరిపోయింది. వాకిలి ఇప్పుడు ఆరడుగులు ఉంది. అక్కడ ఎండ పడుతుంది, ఎవరూ కూర్చోరు. డాక్టరు నన్ను ఓదార్చడానికి, “ఆ జబ్బుకు మంచి గాలి ఉన్నా ఇంకో నాలుగేళ్లు బతికేదేమో, అంతే,” అన్నాడు. బజారువాణ్ని కదా, ఆ తగ్గింపు తీసుకుందామని చాలా రోజులు చూశాను. అది తగ్గింపు కాదు. ఆ ఇంటికి నేను కట్టిన ధర అదే: ఆమెవి నాలుగేళ్లు, పూర్తిగా నాలుగు.