సంత నాడు మూసే అంగడి

ఉదయగిరి కోదండరామయ్య శెట్టికి దేవుడి మీదున్న భయం కంటె షాపుల చట్టం మీదున్న భయం ఎక్కువ. యాభై ఒకటిలో నెల్లూరు నుంచి ఆ చట్టం పుస్తకం తెచ్చుకున్నాడు. ఆనాటితో పంచాంగం చూడడం మానేశాడు. అంగడి ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, పనివాడు ఎన్ని గంటలు నిలబడాలి, అన్నీ అందులోనే. మిగతా అంగళ్లు కోడి కూతకు తెరిచి, పనివాడు తూలి పడేదాకా నడిచేవి. వాళ్లను మాత్రం ఊళ్లో ఎవరూ పిచ్చివాళ్లనలేదు.

శెట్టి అంగట్లో తూకం వేసేవాడు కామయ్య. నాలుగు గంటలు పని చేసినవాడికి గంట విరామమని చట్టం గనక, పన్నెండు కొట్టిందంటే అతని చేతిలో తక్కెడ ఏ ఎత్తున ఉంటే ఆ ఎత్తునే ఆగాలి. ఒకనాడు మాలకొండమ్మ అనే ముసలామె కందిపప్పు తూయించుకుంటుండగా గడియారం కొట్టింది.

"ఇంగో గుప్పెడు పోస్తే సరిపోతాది గదయ్యా," అందామె.

"ఆ గుప్పెడు ఒంటిగంటకు పోస్తాడు," అన్నాడు శెట్టి.

"నేను పోసుకుంటాలే."

"నువ్వు పోస్తే నా అంగట్లో పని చేసినట్టు. నీక్కూడా విరామం ఇయ్యాల. కూర్చో."

ఆమె గంటసేపు పప్పుకు కాపలా కూర్చుంది. శెట్టి ఇంట్లోంచి ఆమెకు మజ్జిగ వచ్చింది. మజ్జిగకు చట్టంలో వేళ లేదట.

రోజుకు ఎనిమిది గంటలు దాటితే కామయ్య మూట ముట్టుకోకూడదు. యజమానికి అలాంటి హద్దేమీ లేదు గనక బెల్లం బస్తాలు శెట్టే మోసి నడుం పట్టించుకునేవాడు. ఇంట్లోనూ ఇదే వరస. ఆదివారం పొయ్యికి సెలవని భార్య సుబ్బరత్నమ్మను కూర్చోబెట్టి తనే ఉప్మా చేసేవాడు.

"సెలవు నాకా, నా నాలిక్కా?" అనేది ఆమె, రెండో ముద్ద మింగలేక.

చట్టం ప్రకారం వారానికో రోజు అంగడి మూయాలి. ఏ రోజన్నది యజమాని ఇష్టం. శెట్టి గురువారం ఎంచుకున్నాడు. గురువారం సంత. చుట్టుపక్కల పల్లెలన్నీ సంచులు పట్టుకొని దిగే రోజు. ఊరంతా నవ్వింది. కామయ్య కూడా నవ్వాడు గాని, లోపల చట్టానికి దండం పెట్టుకున్నాడు. అతని భార్య దేవకమ్మ ఆమడ దూరంలో, కొండ అవతలి పల్లెలో మేకలు కాసేది. మందను, ముసలి అత్తను వదిలి వచ్చే వీల్లేదు. సంతకు మాత్రం ఒక మేకను తోలుకొని, కూతురిని చంకనేసుకొని వచ్చి, పొద్దు వాలకముందే తోడు జనంతో వెళ్లిపోయేది. ఆ నాలుగు గంటలే కామయ్య సంసారం. చట్టం రాకముందు ఆ నాలుగూ తక్కెడ దగ్గరే పోయేవి. కూతురు అతన్ని చూసి ఎవరో అనుకొని ఏడ్చేది.

ఎదురంగడి వీరరాఘవులుకు ఈ సెలవు గిట్టలేదు. సంతనాటి గిరాకీ అంతా తనకే వచ్చినా, తన పనివాళ్లూ సెలవడగడం మొదలెట్టారు. ఈ మూత మాన్పించమని నెల్లూరుకు అర్జీ పెట్టాడు. ఒక గురువారం ఆఫీసరు బస్సు దిగి, మూసిన తలుపుల ముందు శెట్టిని పిలిపించాడు. జనం మూగారు. కామయ్య కూతురిని భుజానెక్కించుకొని పరుగున వచ్చాడు.

"ఈ చట్టం ఇంకా మీ ఊరికి వర్తింపజేయలేదు," అన్నాడు ఆఫీసరు. "మీరు మూయనక్కర్లేదు."

కామయ్య కూతురి కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇన్నావా శెట్టీ? ఇంక తెరువు," అన్నాడు వీరరాఘవులు.

శెట్టి ఆఫీసరు వైపు తిరిగాడు. "తెరిచి తీరాలని రాసుండాదా?"

"లేదు."

"మూస్తే తప్పని?"

"అదీ లేదు."

"అయితే మూసే ఉంటాది."

ఆఫీసరు కాగితాలు తిరగేసి తలెత్తాడు. "మీ పేరు ఎక్కడో చూసినాననుకున్నా. ఈ సంగతే అడుగుతూ రెండేళ్ల కింద మీరే రాసినారు గదా. వర్తించదని మేము జవాబిచ్చినాం."

"అందలా," అన్నాడు శెట్టి నేల చూస్తూ.

"అందినట్టు మీ సంతకం ఉంది."

"కళ్లజోడు లేకుండా పెట్టుంటా."

జనం నవ్వుకుంటూ సంతలోకి చెదిరారు. కామయ్య కదల్లేదు.

"శెట్టిగారూ, మీకు ముందే తెలుసునా?"

"సెలవు రోజు యజమానితో మాట్లాడితే పని కిందికొస్తాది. ఇంకా నిలబడినావంటే రేపూ సెలవియ్యాల. మీ ఆడామె ఎదురుచూస్తా ఉంటాది, పో."

కామయ్య నడిచాడు. భుజం మీది కూతురు వెనక్కి తిరిగి శెట్టికి నాలుక చూపించింది. వీరరాఘవులు ఇంకా అక్కడే ఉన్నాడని గమనించక, శెట్టి కూడా చూపించాడు.